నీడలు నాకే మేకలు

పొద్దున ఎనిమిది గంటలకు తనూజ మహబూబాబాద్‌లో తొర్రూరు బస్సెక్కుతుంది. తొర్రూరులో దిగి ఆటో పట్టుకొని తొమ్మిదిన్నరకల్లా పెద్దవంగర చేరుతుంది. భుజాన సంచిలో బీపీ మిషను, నాలుగు సైజుల చెంచాలు, కూర కొలిచే గిన్నె, ఒక్కొక్కటి ఆరు పేజీలుండే ఫారాల కట్ట. బీపీ ఉన్నవాళ్లు రోజూ ఏం తింటున్నారో, అందులో ఉప్పెంతో అడిగి రాసుకోవడం ఆమె పని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లో కలిపి ఆరువందల ఇండ్లు. నర్సు చదువు అయిపోయాక దొరికిన మొదటి కాంట్రాక్టు ఉద్యోగం అది. ఊళ్లో అందరికీ ఆమె బీపీ మేడం.

ఆమె ఆటో దిగే వేళకే కాపరి భీమ్లా మేకలు తండా నుంచి బయలుదేరి నడివీధి గుండా చెలకల వైపు పోతుంటాయి. మొత్తం నలభై రెండు. ఉప్పెక్కువ తినేవాళ్ల నీడ ఉప్పగా ఉంటుంది, మేకలకేమో ఉప్పంటే ప్రాణం. అందుకని దారిలో నచ్చిన నీడ కనబడితే ఆగి నాకుతాయి. నాకిన చోట నీడ బాగా ఉతికిన లుంగీలాగా వెలిసిపోతుంది, మర్నాడు తెల్లారేసరికి మళ్లీ మామూలవుతుంది. ఆ ఊళ్లో అది ఎప్పటి నుంచో ఉన్నదే. మేకలొచ్చే వేళకు ఆడవాళ్లు అరుగుల మీద నుంచి లేచి చూరు కిందికి జరుగుతారు. సైకిలు మీద పోయేవాళ్లు జర జోరుగా తొక్కుతారు. తొందర లేనివాళ్లు నిలబడి నాకనిస్తారు. అరికాలిలో చక్కిలిగిలి పెట్టినట్టు హాయిగా ఉంటుందట. మొదటి రోజు అది చూసి తనూజ పక్కకు తప్పుకుంది. నీడ గురించి కాదు, ఫారాలు ఎక్కడ నమిలేస్తాయోనని.

ఆమె బాధల్లా ఆ ఫారాలతోనే. అంతకుముందు నెల తరిగొప్పులలో వంద ఇండ్లు తిరిగింది. ఎవరిని అడిగినా పొద్దున రాగి జావ, మధ్యాహ్నం ఆకుకూర, రాత్రికి రెండు పుల్కాలు అన్నారు. చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు పనికి పోయేవాళ్ల ఇండ్లకు పోతే అందరూ కీరదోస ముక్కలే తింటున్నారు. తొక్కు జాడీలు గూట్లో కనబడుతూనే ఉన్నాయి, అవి చుట్టాలు వస్తే పెట్టడానికి అన్నారు. సర్వే నడిపించే డాక్టరమ్మ జనగామలో ఉంటుంది. ఆమె ఆ కట్టలన్నీ తిరగేసి, ఈ లెక్కన వీళ్లు నాకన్నా మంచిగా తింటున్నారు కదా తనూజా, మరి ఒక్కరికీ బీపీ ఎందుకు దిగట్లేదు అని అడిగింది. కోప్పడలేదు. నువ్వు పోలీసులాగా అడుగుతున్నావు, వాళ్లు పోలీసుకు చెప్పినట్టే చెప్తున్నారు అంది. పెద్దవంగరలో నలభై ఇండ్లు సరిగ్గా చేసి తెమ్మంది. అవి కూడా ఇట్లాగే వస్తే సర్వే ఆపేయక తప్పదంది. ఆ రోజు తనూజ బస్సులో కిటికీ పక్కన కూర్చొని, అబద్ధం ఆడని ఫారం ఎట్లా తయారు చేయాలా అని ఇంటిదాకా ఆలోచించింది.

పెద్దవంగరలో ఆమె పట్టిన మొదటి ఇల్లు లస్మయ్యది. అరవై ఆరేండ్ల మనిషి, నాలుగెకరాల మిరప చేను, ఎనిమిదేండ్లుగా బీపీ గోళీలు. ఇంటి ముందు ఎండలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. తనూజ ఫారం తీసి, రోజుకు ఉప్పు ఎంత తింటారని మొదలుపెట్టింది.

"ఉప్పు మొకం జూసి ఎనిమిదేండ్లాయె బిడ్డా," అన్నాడు లస్మయ్య. "మా ఇంటిది నాకు వేరే గిన్నెల సప్పిడి కూర చేస్తది."

లోపలి నుంచి అతని భార్య లచ్చమ్మ, అవునవునని గొంతు కలిపింది. తనూజ గడిలో సున్నా వేస్తుండగానే మేకలు వచ్చాయి. ముందు ఒకటి ఆగింది. దాని వెనక నాలుగు, తర్వాత ఇంకో ఆరు. పదకొండు మేకలు లస్మయ్య నీడ చుట్టూ మూగాయి. నల్లటి పోతు ఒకటి ముందుకాళ్లు మడిచి తీరిగ్గా కూర్చొని మరీ నాకసాగింది. లస్మయ్య కాళ్లు కుర్చీ పైకి మడుచుకున్నాడు. అయినా తలకాయ నీడ ఎక్కడికి పోతుంది. అతను తనూజను చూశాడు, తనూజ తను వేసిన సున్నాను చూసింది.

భీమ్లా కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి, ఈ వాడ మొత్తంలో తన మేకలకు ఇష్టమైన జాగా ఇదేనని, లస్మయ్య పటేలు చుట్టాలింటికి పోయిన రోజు అవి ఎనక్కి తిరిగి తిరిగి చూస్తాయని చెప్పాడు.

అప్పుడు తనూజ ఏమనుకుందో ఏమో, ఫారం మడిచి సంచిలో పెట్టేసింది. మెట్టు మీద కూర్చొని, రాత్రి తానేం తిన్నదో చెప్పింది. వాళ్లమ్మ ఎండుచేపలు వేయించిందని, వేడన్నంలో అవి నంజుకొని రెండుసార్లు మారు వడ్డించుకుందని, చివరికి కంచం కూడా నాకిందని. అందరికీ ఉప్పు మానమని చెప్పే మనిషి అట్లా చెప్పేసరికి లస్మయ్య కాళ్లు కిందికి దించాడు. ఏం చేపలని అడిగాడు. నూనెలో వేయించారా, నిప్పుల మీద కాల్చారా అని అడిగాడు. నిప్పుల మీద కాలిస్తేనే రుచి అని తేల్చి, ఇక తను మొదలుపెట్టాడు.

అరగంట చెప్పాడు. బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు, వాటితో ఇచ్చే ఉప్పు మిరపకాయలు. నూనె తేలే మామిడికాయ తొక్కు, అది కలిపిన మొదటి ముద్ద. సర్వపిండి అడుగున మాడిన పెచ్చు. ఇంట్లో పెట్టే సప్పిడి కూర సంగతికొస్తే, గోళీల డబ్బాలోనే చిన్న పొట్లం ఉప్పు పెట్టుకున్నాడు, ఎవరూ చూడనప్పుడు చల్లుకుంటాడు. చెప్తున్నంతసేపూ అతని మొహం పెండ్లికి పోయొచ్చినవాడి మొహంలా వెలిగిపోయింది. తనూజ ఒక్క ముక్క రాసుకోలేదు. అంతా అయ్యాక పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చొని ఆరు పేజీలూ నింపింది.

అప్పటి నుంచి అదే ఆమె పద్ధతి అయింది. మేకలు వచ్చే వేళకు ఇంటి ముందు కూర్చోవడం, అవి పోయాక ముందు తన తిండి సంగతి చెప్పడం, తర్వాత వాళ్లను చెప్పనివ్వడం. రెండు వారాల్లో ఊరు ఆమె కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎప్పుడు వేయాలో, పుంటికూర ఏ పప్పుతో కలుస్తుందో చెప్పుకుంటూ నవ్వేవాళ్లు. వినీ వినీ తనూజకు పదకొండు గంటలకే ఆకలయ్యేది. అంతా చెప్పాక ఆమె వాళ్ల ఉప్పు డబ్బానే తెమ్మని, కాగితం మీద ఒక చిన్న చెంచాడు పోసి, ఒక మనిషికి ఒక రోజుకు ఇంతేనని చూపించేది. దాని పక్కన, మీరు చెప్పినదాని ప్రకారం మీది ఇంత అని ఇంకో కుప్ప పోసేది. వాళ్లు రెండు కుప్పలనూ చాలాసేపు చూసేవాళ్లు. ఎవరూ సిగ్గుపడలేదు. కొందరు తొక్కును రెండు రోజులకొకసారికి తగ్గిస్తామని వాళ్లంతట వాళ్లే అన్నారు.

లస్మయ్య పొట్లం పారేశాడు. ఇరవై రోజులకు అతని నీడ దగ్గర ఆగే మేకలు పదకొండు నుంచి నాలుగుకు తగ్గాయి. బీపీ దిగినందుకు సంతోషమే గానీ, మేకలు కూడా మొహం చాటేస్తున్నాయని అతనికి లోపల కొంచెం చిన్నతనంగా ఉండేది.

ఈ ఇరవై రోజుల్లో లచ్చమ్మ అంటే తనూజకు తెలిసింది వంటింట్లోంచి వినబడే గొంతు, తలుపు సందులోంచి చాయ అందించే చెయ్యి. తనూజ దగ్గరున్న లిస్టులో బీపీ ఉన్నట్టు ముందే తేలినవాళ్ల పేర్లే ఉన్నాయి. లచ్చమ్మకు ఎవరూ ఎప్పుడూ చూడలేదు గనుక ఆమె పేరు లేదు. కొడుకు కరుణాకర్ మందుల దుకాణానికి, అంటే ఎరువులూ పురుగుమందులూ అమ్మే దుకాణానికి పోతాడు. కోడలు అలేఖ్య బడిలో టీచరు. మేకలొచ్చే వేళకు లచ్చమ్మ వాళ్లిద్దరికీ డబ్బాలు సర్దుతూ ఉంటుంది. ఆ వేళప్పుడు వీధిలోకి రావాల్సిన పని ఆమెకెప్పుడూ పడలేదు.

మార్చి మొదటి వారంలో ఒక రోజు ఎండ గట్టిగా ఉంది. భీమ్లా గొంతు తడారి మంచినీళ్లు అడిగాడు. లస్మయ్య చేతికి తనూజ అప్పుడే బీపీ పట్టీ చుట్టి ఉంది, లేవలేడు. ఆ రోజు బడికీ దుకాణానికీ సెలవు కాబట్టి డబ్బాల పని కూడా లేదు. లచ్చమ్మే చెంబు పట్టుకొని వీధిలోకి వచ్చింది. తలకు గట్టిగా గుడ్డ కట్టుకొని ఉంది.

నలభై రెండు మేకలూ ఒక్కసారే ఇటు తిరిగాయి. ఒక్కటి కూడా అరవలేదు. లస్మయ్య దగ్గరున్న నాలుగూ అతన్ని వదిలేశాయి. అన్నీ వెళ్లి లచ్చమ్మ నీడ మీద తలలు వంచాయి. భీమ్లా నీళ్లు తాగి చెంబు తిరిగి ఆమె చేతికిచ్చేలోపల నీడ అయిపోయింది. పలచబడడం కాదు, అసలు లేదు. నేల మీద చెంబు నీడ ఒక్కటే, పట్టుకున్న చెయ్యి లేకుండా నిలబడి ఉంది.

"గిట్ల నేనెన్నడు సూడలె," అన్నాడు భీమ్లా నెమ్మదిగా. కర్రతో మేకలను దూరం తోలాడు.

లచ్చమ్మ పట్టించుకోలేదు. రేపటికి అదే వస్తది గానీ పొయ్యి మీద ఎసరు మరుగుతోందని లోపలికి పోబోయింది. తనూజ ఆమె చెయ్యి పట్టుకొని ఆపి లస్మయ్య కుర్చీలో కూర్చోమంది. ఆయన కుర్చీలో నేనెట్ల కూసుంట అని లచ్చమ్మ గడప మీదే చతికిలపడింది. తనూజ పట్టీ చుట్టి చూసింది. నమ్మలేక ఐదు నిమిషాలాగి రెండో చేతికి చూసింది. రెండుసార్లూ పైన రెండువందల పది, కింద నూట ఇరవై.

"అవ్వా, నిన్న నువ్వేం తిన్నవు?"

నిన్న బీరకాయ చేసిన, వంకాయ చేసిన, కొడుకుకు బీరకాయ పడదు గనుక ఇంత పప్పు చేసిన అని లచ్చమ్మ వరుసగా చెప్పుకుపోయింది. వండినవి కాదవ్వా, నువ్వు తిన్నవి అంది తనూజ. లచ్చమ్మ ఆగింది.

"ఏమో బిడ్డా. యాదికి లేదు. ఎవలు అడగలె ఎన్నడు."

తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అందరూ తినేసరికి కూరలు ఒడుస్తాయి. అడుగున ఇంత మిగిలినా పొద్దుగూకి ఎవరన్నా తింటారని దాచిపెడుతుంది. తనకు తొక్కు ఉంది కదా. అందరి అన్నాలయ్యాక వట్టి అన్నంలో తొక్కు కలుపుకొని, వంటింట్లోనే గిన్నె ముందేసుకొని తింటుంది. లస్మయ్య వదిలేసిన సప్పిడి కూర పారేయడం పాపమని, అందులో పిడికెడు ఉప్పేసుకొని అది కూడా తింటుంది. రాత్రికి మిగిలిన అన్నంలో నీళ్లు పోసుకొని, ఉప్పుగల్లు, పచ్చిమిరపకాయ. ఇదివరకు ఎప్పుడో ఒకసారి కాదు, పెండ్లయిన కాడికెల్లి ఇంతే. నెల రోజులుగా మెడ వెనక గుంజుతోంది, తలకాయ పగిలిపోతోంది. కల్లంలో మిరపకాయలు ఎండబోసే ఎండకు అనుకొని గుడ్డ కట్టుకుంది.

లస్మయ్య లేచి వంటింట్లోకి పోయాడు. గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీసి చూసిన చప్పుడు బయటికి వినిపించింది. ఎనిమిదేండ్లుగా తనకు సప్పిడి కూర పెడుతున్నారని అలిగినవాడు, ఆ కూర చేసిన మనిషి ఏం తింటోందని ఒక్కరోజూ అడగలేదు. బయటికొచ్చి, ఆటో పిలవమని మాత్రం అన్నాడు. పొయ్యి తనే ఆర్పి వచ్చాడు.

తొర్రూరు దవాఖానలో రెండు రోజులు ఉంచుకున్నారు. ఇంకొన్ని రోజులు ఇట్లానే నడిచి ఉంటే పక్షవాతం వచ్చేదేమో, టైముకు తీసుకొచ్చినరు అన్నాడు డాక్టరు. లచ్చమ్మకు కల్లంలో మిరపకాయల మీద తప్ప దేని మీదా రంధి లేదు. పైగా దవాఖాన ఆమెకు నచ్చింది. అలేఖ్య క్యారియరు తెచ్చి, వేడివేడిగా ముందు ఆమెకే వడ్డించేది. అన్నం ఇంత వేడిగ కూడా తినొచ్చునని పక్క మంచం ఆమెకు ఆశ్చర్యంగా చెప్పుకుంది.

ఇంటికొచ్చారు గానీ నీడ రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. మామూలుగా తెల్లారేసరికి వచ్చేది ఈసారి రాలేదు. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చూసి, తొందరేం లేదు, వస్తది, అందాక గొడుగు పట్టుకొని తిరుగు అన్నారు. భీమ్లా మేకలను నడివీధి మానిపించి కాలువ గట్టు మీదుగా తోలుకుపోసాగాడు. లచ్చమ్మ బయటికి వస్తే లస్మయ్య కూడా వచ్చి, ఎండకు ఏ పక్క నిలబడాలో చూసుకొని, ఆమె పక్కన నిలబడేవాడు.

"జర నా దిక్కు జరుగు," అనేవాడు. "ఇద్దరికి సరిపోతది."

ఆ ఇంట్లో తిండి మారింది. లస్మయ్యకు వేరే గిన్నె తీసేశారు. ఇంటందరికీ ఒకటే కూర, అందరికీ తక్కువ ఉప్పే. అందరూ ఒకేసారి కూర్చోవాలని లస్మయ్య అన్నాడు. అనడం తేలికే. లచ్చమ్మకు కూర్చోవడం చేతకాలేదు. నీళ్లకని లేచేది, చల్లకని లేచేది, ఏమీ లేకపోతే పిల్లి వచ్చిందని లేచేది. కూర్చున్నా చెయ్యి కంచంలో ఆడేదే గానీ, మిగతావాళ్ల కంచాల్లో కూర అయిపోతోందా అని కండ్లు తిరిగేవి. మూడో రోజు లస్మయ్య చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆమె మొదటి బుక్క తిన్నాకే తను తింటానన్నాడు. గోళీ వేసుకునే టైము దాటిపోతోందని లచ్చమ్మ అంది. దాటిపోనీ అన్నాడు. కరుణాకర్ కూడా చెయ్యి తీశాడు. అలేఖ్య నవ్వు ఆపుకుంటూ తన కంచం దూరం జరిపింది. ముగ్గురూ అట్లా చూస్తుంటే లచ్చమ్మ సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకొని మొదటి ముద్ద తింది.

మొదటి వారం కూరలన్నీ సప్పగానే ఏడ్చాయి. తర్వాత అలేఖ్య నువ్వుల పొడి చల్లింది. లచ్చమ్మ ఎల్లిపాయ ఎర్రగా వేయించి వేసింది, వేయించిన జీలకర్ర దంచింది, దించే ముందు నిమ్మకాయ పిండింది. ఒకనాడు కరుణాకర్ ఏమీ అనకుండా మారు వడ్డించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తిండి గురించి ఎవరూ బెంగ పడలేదు.

తనూజ వారానికొకసారి వచ్చి బీపీ చూసేది. నూట ఎనభై, నూట అరవై నాలుగు, నూట యాభై. పదో రోజున లచ్చమ్మ పాదాల దగ్గర అన్నం మీది ఆవిరిలాంటి మసక కనిపించింది. తర్వాత కాళ్లు వచ్చాయి. గాజుల చేతులు వచ్చాయి. ఒకనాడు బట్టలు ఆరేస్తుంటే గోడ మీద తలకాయ, దాని వెనక కొప్పు పూర్తిగా కనిపించాయి. బీపీ నూట ముప్పై ఎనిమిది ఉన్న రోజు అది. లస్మయ్య వాడంతా పిలిచి చూపించాడు. భీమ్లా కబురు విని మేకలను మళ్లీ నడివీధికి తోలాడు. అవి లచ్చమ్మ నీడను వాసన చూసి, ఇక్కడేం లేదన్నట్టు ముందుకు సాగాయి. వాడకట్టంతా నవ్వింది.

జనగామలో డాక్టరమ్మ ఈ సంగతి రెండుసార్లు చెప్పించుకొని వింది. ఫారంలో మొదటి పేజీ మార్పించింది. ఈ ఇంట్లో అందరికన్నా చివర తినేది ఎవరు అన్నది ఇప్పుడు మొదటి ప్రశ్న. ఆ మనిషి పేరు లిస్టులో ఉన్నా లేకున్నా బీపీ చూడాలి. పెద్దవంగరలో నలభై ఇండ్లకు మళ్లీ పోతే తొమ్మిది మంది ఆడవాళ్లకు బీపీ ఉన్నట్టు తేలింది. తరిగొప్పులలో మాత్రం అటువంటి మేకలు లేవు. అక్కడి ఆడవాళ్లు, మేమందరం కలిసే తింటాం మేడం అని చెప్పి పంపేస్తున్నారు. తనూజ ఆ మాట లచ్చమ్మ దగ్గర అంటే, నేనొస్త అంది లచ్చమ్మ. పెండ్లికో చావుకో తప్ప ఆమె బస్సెక్కింది లేదు. డబ్బాల సంగతేమిటని లస్మయ్య అడిగాడు. నువ్వున్నవు కదా అందామె. అతను ముందురోజే అలేఖ్య దగ్గర పప్పు తాలింపు నేర్చుకున్నాడు.

తరిగొప్పులలో వాళ్లు పోయింది శశికళ ఇంటికి. పెద్ద ఇల్లు, ట్రాక్టరు, ముందు గదిలో రెండు సోఫాలు. శశికళకు నలభై ఐదేండ్లుంటాయి. లిస్టులో ఆమె భర్త పేరుంది, ఆయన తిని పొలానికి పోయాడు. కొడుకులూ తిని బయటికి పోయారు. ఒంటిగంట దాటింది కాబట్టి వచ్చినవాళ్లను తినకుండా పోనివ్వనని శశికళ రెండు కంచాలు పెట్టింది. టమాట కూర ఆ ఇద్దరికీ చాలేంతే ఉంది.

లచ్చమ్మ కంచం ముందు కూర్చొని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నీ కంచం ఏది బిడ్డా?"

నేను తర్వాత తింటానవ్వా, నాకు ఆకలిగా లేదంది శశికళ. లచ్చమ్మ కదల్లేదు. కూర మంచి వాసనొస్తోందంది, చల్లారిపోతోందంది.

"నువ్వు కూసునేదాంక నేను ముట్ట."

శశికళ గరిటె పట్టుకొని అట్లాగే నిలబడింది. తనూజ కూడా అన్నంలోంచి చెయ్యి తీసింది. చివరికి శశికళ లోపలికి పోయి కంచం తెచ్చుకుంది. తన ఇంట్లోనే చుట్టపుచూపుగా వచ్చినదానిలా గోడ వారకు కూర్చుంది. లచ్చమ్మ కూర గిన్నె దగ్గరికి లాక్కొని మూడు వాటాలు వేసింది, పెద్దది శశికళకు. మొదట శశికళ ఎవరో లేపుతారన్నట్టు గబగబా తింది. నాలుగు ముద్దలయ్యాక నెమ్మదించింది. కొంచెంసేపటికి ఎవరూ అడగకుండానే, నిన్న రాత్రి నేను తిన్నది చెప్తే నవ్వుతవవ్వా అని మొదలుపెట్టింది.

తనూజ సంచి వైపు చెయ్యి చాపబోయి ఆగింది. మిషను ఎటూ పోదు, ముందు ఆమెను కడుపునిండా తిననీ అనుకుంది.